నలభై నిమిషాల దూరం

మొదటి రోజు

ఎగువ బందరు గాలిరేవులో ఓడ ఎక్కే మెట్ల పక్కన పెద్ద బోర్డు ఉంటుంది. "చలిపట్నం: 40 నిమిషాలు." మా నాన్న కాలంలో పదిహేను వేల కిలోమీటర్ల పైమాటే అనేవాళ్ళు. ఇప్పుడు బళ్ళో ఏ పిల్లాణ్ణి అడిగినా బందరుకీ చలిపట్నానికీ దూరం నలభై నిమిషాలని ఠకీమని చెబుతాడు. మార్కులు కూడా దానికే వేస్తారు.

నేను నాంచారమ్మని. ఈ గాలి ఓడలో నిద్రపోయేవాళ్ళని చూసుకునే ఆయాని. జనం ఎక్కి, పడక చూసుకుని, మందు తాగి కళ్ళు మూసేదాకా ఇరవై నిమిషాలు. అక్కడ లేచి, ముఖం కడుక్కుని, మెట్లు దిగేదాకా ఇరవై. మధ్యలో ఉన్న పదకొండు రోజులూ లేవు. మందు ఎక్కగానే వాళ్ళ ముంజేతి గడియారం ఆగిపోతుంది. వయసుకైనా, ఉద్యోగానికైనా, రోగానికైనా లోకంలో ఆ గడియారమే లెక్క. మేము నిద్రపోం కాబట్టి మా గడియారాలు విప్పించి కెప్టెన్ తన ఇనప్పెట్టెలో పెట్టుకుంటాడు. దిగాక నలభై నిమిషాలు జరిపి ఇస్తాడు. రికార్డు ప్రకారం నాకు ముప్పై మూడేళ్ళు. నా పెద్దకూతురికి ముప్పై ఒకటి. ఎవరికీ నవ్వు రాదు.

కింద ఎదురుచూసేవాళ్ళకి తెలియదా అంటే, తెలుసు. తెలిసినా అనరు. గాల్లో రోజులు లెక్కపెడితే ఆయుష్షు తగ్గుతుందని మాలో సామెత. ఎవరైనా నోరుజారి "పది రోజులైంది కదా" అంటే పెద్దవాళ్ళు నెత్తిన ఒక్కటి మొట్టి "అచ్చిరాదు, ఊరుకో" అంటారు. ఓడ రికార్డులో కూడా రెండే మాటలుంటాయి: బయలుదేరాం, చేరాం. అందుకే ఇది నాకోసం రాసుకుంటున్నాను.

ఇవాళ వకుళ ఎక్కింది. చలిపట్నం వంతెనల ఆఫీసులో ఇంజనీరు. పుట్టిల్లు బందరు, మొగుడు చలిపట్నంలోనే. ఈ దారిలో తిరిగేది మా ఓడ ఒక్కటే కాబట్టి ఎన్నేళ్ళనుంచో ఎరుగుదును. కిందటి వారం సీమంతం చేశారట. రెండు చేతులా మోచేతుల దాకా గాజులు, గోళ్ళకి ఎర్రగా పండిన గోరింటాకు, జడలో మల్లెలు.

"ఏడో నెల నిండకముందే వెళ్ళి ఆఫీసు అప్పగించేసి వచ్చేస్తా పిన్నీ. నిండితే ఎక్కనివ్వరుగా. అట్టా వెళ్ళి ఇట్టా రావడమే, నలభై నిమిషాలేగా," అంది.

"పొట్ట పెద్దదిగా ఉందే తల్లీ?"

"డాక్టరుగారూ అదే అన్నారు. గడియారం చూసి, బిడ్డ నెలలకి మించి బలంగా ఉంది, తిండి కాస్త తగ్గించమన్నారు."

నవ్వుకున్నాం. దుప్పటి కప్పి మందు తాగించాను. గడియారం ఆగింది.

మూడో రోజు

ఈ పని చూడనివాళ్ళు ఆయా అంటే దుప్పట్లు సర్దేది అనుకుంటారు. మా అసలు పని రోజుల్ని చెరిపేయడం. పూటకోసారి అందర్నీ పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండవుతుంది. గొట్టాల్లో గంజి పొయ్యాలి. గోళ్ళు ఎక్కినప్పుడు ఎంతున్నాయో అంతకే కత్తిరించాలి. మగవాళ్ళ గడ్డాలు ఖాసిం చూసుకుంటాడు. ఎక్కినప్పుడు రెండు రోజుల గడ్డమున్నవాడికి దిగేటప్పుడు కూడా రెండు రోజుల గడ్డమే ఉండాలి. నున్నగా గీసేస్తే వాడు తడుముకుని అనుమానపడతాడు. ఆడవాళ్ళ జడల్లో పూలు మొదటి రోజే తీసేస్తాం. ఐసుపెట్టెలో దాచిన మొగ్గలతో దండ కట్టి ఆఖరి పొద్దున మళ్ళీ తురుముతాను. గోరింటాకుతోనే చావొస్తుంది. గోరు పెరిగి మొదట్లో తెల్లటి చంద్రవంక తేలుతుంది. దాని మీద గోరింటాకు ముద్ద అద్ది, పాత రంగులో కలిసిపోయేలా పండించాలి.

"అక్కా, మనం చచ్చి పైకి పోయినా చిత్రగుప్తుడు నలభై నిమిషాలే రాసుకుంటాడేమో," అన్నాడు ఖాసిం, ఎవరిదో గడ్డం గీస్తూ. నాకంటే పెద్దవాడు. రికార్డులో మాత్రం పాతికేళ్ళ కుర్రాడు.

వకుళని పక్కకి తిప్పుతుంటే పొట్ట నా చేతికి కిందుగా తగిలింది. కాన్పు దగ్గరపడ్డవాళ్ళకి జారినట్టు కడుపు కిందికి జారింది. ఏడో నెలలో జారడమేమిటని ఒక్క క్షణం అనిపించింది. ఆ పక్క పడక దగ్గరకి వెళ్ళిపోయాను. పనిలో పడితే నాకూ ఆ గడియారమే బుర్రలో తిరుగుతుంది.

అయిదో రోజు

పొద్దున వకుళ పొట్ట రాయిలా గట్టిపడింది. కాసేపటికి వదిలింది. మళ్ళీ గట్టిపడింది. నేను ఇద్దర్ని కన్నదాన్ని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పడక పక్కనే కూలబడ్డాను. అనకూడని లెక్క, అచ్చిరాని లెక్క, వేళ్ళ మీద పెట్టాను. కడుపుతో ఉండగా ఈ పిల్ల ఇప్పటికి అయిదుసార్లు ఓడ ఎక్కింది. అయిదు పదకొండ్లు యాభై అయిదు. దగ్గర దగ్గర రెండు నెలలు. ఏడూ రెండూ తొమ్మిది. తల్లి గడియారం ఆగింది గానీ లోపలున్న బిడ్డ చేతికి గడియారం ఎవరు కట్టారు? ఏడో నెల సీమంతమని గాజులు తొడిగినప్పటికే తొమ్మిదో నెల నడుస్తోంది. వకుళని కన్నతల్లికి ఆ సంగతి తెలియదా? బయట పున్నములు చూస్తున్న మనిషికి తెలిసే ఉంటుంది. అచ్చిరాదని నోరు నొక్కుకుని ఉంటుంది. డాక్టరు గడియారం చూశాడు. నేను? అయిదుసార్లూ ఆ గోళ్ళు కత్తిరించింది నేనే. నాకూ తట్టలేదు.

ఖాసిం వచ్చి చూశాడు. "నిద్రలో కనలేదా అక్కా?"

"నెట్టేదెవరు? నువ్వా, నేనా? లేపాలి."

లేపే మందు కూడా మా గడియారాలతోపాటు కెప్టెన్ పెట్టెలోనే ఉంది.

కెప్టెన్ ప్రభుకిరణ్ చెడ్డవాడు కాదు. అందర్నీ పేరుపెట్టి పలకరిస్తాడు. విషయం చెబితే ముఖం పాలిపోయింది.

"గాల్లో ఇంతవరకూ ఎవర్నీ లేపలేదు నాంచారమ్మా. లేస్తే కిటికీలోంచి చూస్తుంది. సముద్రం కనపడుతుంది. ఎన్నాళ్ళయిందని అడుగుతుంది. దిగాక నలుగురికీ చెబుతుంది. ఆ తర్వాత ఈ ఓడ ఎవడెక్కుతాడు?"

"ఎవరూ ఎక్కకపోతే మానె. రెండు ప్రాణాలు సార్."

"గడియారం ప్రకారం ఏడో నెలే. దొంగ నొప్పులేమో. రేపటిదాకా చూద్దాం."

గడియారం ప్రకారమట! ఆ నొప్పులొచ్చి గడియారం చూసుకుంటాయి కాబోలు. ఏమీ అనలేక వచ్చేశాను. అనాల్సింది.

ఆరో రోజు

పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. వకుళ ముఖంలో నిద్రే గానీ ఒళ్ళంతా చెమట. పెదవి కొరుక్కుని రక్తం వస్తోంది, కళ్ళు మాత్రం తెరవడం లేదు. అంత ఘోరం నేను ఎన్నడూ చూడలేదు.

మళ్ళీ కెప్టెన్ దగ్గరకి వెళ్ళాను. ఈసారి దండం పెట్టలేదు.

"సార్, ఒక్కటి ఆలోచించండి. గడ్డాలు గీస్తాం, గోళ్ళు కోస్తాం, వాడిన పూలు మారుస్తాం. ఈ పిల్ల ఇవాళ పోయిందనుకోండి, ఇంకా అయిదు రోజులు గాల్లోనే ఉండాలి. అయిదు రోజుల శవాన్ని నలభై నిమిషాల శవంగా చెయ్యడం నాకు చేతకాదు. మీకు చేతనైతే చెప్పండి."

ఆయన లేచాడు. పెట్టె తాళం తీసి మందు బల్ల మీద పెట్టాడు. "ముందు ఆమె గడియారం విప్పి నాకివ్వు. కాన్పయ్యాక మళ్ళీ నిద్రపుచ్చాలి. రెండు నిద్రల మధ్య జరిగింది ఎవరికీ గుర్తుండదట. అట్టా అయితేనే."

పుస్తెలు తాకట్టు పెట్టమన్నా పెట్టేదాన్ని. ఒప్పుకున్నాను.

వకుళ కళ్ళు తెరవగానే అడిగిన మొదటి మాట, "వచ్చేశామా పిన్నీ?"

"వచ్చేశాం తల్లీ. దిగడమే తరువాయి. ముందు గట్టిగా ముక్కు."

"అదేంటి, ఇంకా ఏడేగా!" అని కేక పెట్టింది. తర్వాత మాటలు లేవు. ఖాసిం కిటికీలకి దుప్పట్లు కట్టి, వేణ్ణీళ్ళు అందిస్తూ, తనకొచ్చిన దువాలన్నీ పైకే చదివాడు. గాజులు రెండు చిట్లి నా చెయ్యి కోసుకుంది. మధ్యాహ్నం అన్నాలవేళకి ఆడపిల్ల పుట్టింది. ఏడో నెల బిడ్డ కాదు. నిండు చంద్రుడిలాంటి బిడ్డ, ఒళ్ళంతా కండ, నెత్తి నిండా జుట్టు.

రొమ్ము మీద పడుకోబెడితే వకుళ వేలితో పిల్ల ముక్కు తాకింది. "అచ్చం మా అమ్మ ముక్కు పిన్నీ!" అని ఏడుస్తూ నవ్వింది. నాకూ ఏడుపొచ్చింది. తలుపు దగ్గర కెప్టెన్ నిద్రమందు గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

నేనే తాగించాను. "కాస్త మంచినీళ్ళు తాగు తల్లీ" అని చెప్పి మరీ తాగించాను.

ఎనిమిదో రోజు

నూట ఇరవై మంది నిద్రపోయే ఓడలో ఒక్క ఏడుపు. మొదట్లో ఒళ్ళు జలదరించింది, ఇప్పుడు ఆగితేనే తోచడం లేదు. ఆకలైనప్పుడల్లా తీసుకెళ్ళి తల్లి రొమ్ముకి పట్టిస్తాను. నిద్రమందు పాలల్లోకి దిగదట, అది చదువుకున్న పుణ్యాత్ముడెవడో కనిపెట్టిన మంచి. తల్లి ఒళ్ళు నిద్రలోనే పాలిస్తుంది. మిగతా వేళంతా నా భుజం మీదే. గోళ్ళు, గడ్డాలు, గంజి అన్నీ ఖాసిం నెత్తిన పడ్డాయి. వకుళ గోరింటాకు సంగతి మరిచేపోయాను.

నేను మాట్లాడితే పిల్ల ఏడుపు ఆపి వింటుంది. ఏం మాట్లాడను? కిందనున్న సముద్రం గురించి, బందరు హల్వా గురించి, మా అత్తగారి నోటి గురించి చెబుతున్నాను. శ్రద్ధగా వింటుంది.

కెప్టెన్ వచ్చి చూసి, "దిగేసరికి ఇప్పుడే పుట్టినట్టుండాలి" అన్నాడు. "బొడ్డు ఊడకుండా చూడు."

"చెప్పి చూస్తాను సార్, వింటుందేమో."

పదకొండో రోజు

బొడ్డు తెల్లవారుతూనే ఊడిపోయింది. మూటగట్టి వకుళ సంచిలో పెట్టాను. తల్లి దాచుకోవలసిన వస్తువు కదా. అందరికీ పూలు తురిమాను. చలిపట్నం మంచుకొండలు కనపడ్డాయి. కెప్టెన్ లేపే మందు పంచాడు.

వకుళ లేచి పొట్ట తడుముకుని బిత్తరపోయింది. నేను నేర్చుకున్న మాటలు అప్పజెప్పాను: నిద్రలోనే కాన్పైంది, తల్లీబిడ్డా క్షేమం, ఇప్పుడే, కాసేపటి క్రితమే. పిల్లని ఒళ్ళో పెట్టాను. ఆమె వేలితో ముక్కు తాకింది.

"అచ్చం మా అమ్మ ముక్కు పిన్నీ!"

అదే మాట, అదే గొంతు. నేను ముఖం తిప్పుకున్నాను.

పిల్ల కొత్త చేతుల్లో కెవ్వుమంది. వకుళ ఎంత ఊకొట్టినా ఊరుకోలేదు. నా నోరు ఆగదుగా, అలవాటుగా "ఏంటమ్మా, ఏమైందమ్మా" అన్నాను. టక్కున ఆపి నావైపు తల తిప్పింది. వకుళ పిల్లనీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు అలా కిందికి జారి తన వేళ్ళ మీద ఆగింది. ఎర్రటి గోళ్ళ మొదట్లో, పదింటికీ, తెల్లటి చంద్రవంకలు.

"గోరింటాకు మొన్ననేగా పెట్టుకున్నా," అంది నెమ్మదిగా. "పిన్నీ, దీనికి ఎన్ని రోజులు?"

కెప్టెన్ దూరంగా ఎవరికో మెట్లు చూపిస్తున్నాడు. ఆ క్షణంలో ఉద్యోగం గుర్తు రాలేదు. "అయిదు నిండాయి తల్లీ. నేనే మోశాను. బొడ్డు నీ సంచిలో ఉంది. ఇది పుట్టగానే నువ్వు చూశావు, ఇదే మాట అన్నావు. గాల్లో పదకొండు రోజులుంటాం ప్రతిసారీ. అందుకే నీ లెక్క తప్పింది. చచ్చి బతికావు."

వకుళ ఇంజనీరు, లెక్కలు బాగా వచ్చు. పెదవులు కదిలాయి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఎక్కిన ఓడలన్నీ పదకొండుతో గుణించుకుంటోందని నాకు అర్థమైంది. నూరుసార్లకి పైనే ఎక్కింది. మూడేళ్ళ పైచిలుకు. ఆ మూడేళ్ళూ ఇక్కడ రేవు అద్దాల వెనక నిలబడ్డ మొగుడివి కూడా. ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ప్రతిసారీ గడ్డం గీసుకుని వచ్చి "ఇప్పుడే కదా వెళ్ళావు" అని నవ్వుతాడు.

వకుళ ఇప్పుడు కేక పెడుతుందనుకున్నాను. పెట్టాలని ఎంత కోరుకున్నానో! ఆ ఒక్క కేకకోసం నా ఉద్యోగం పోయినా పర్వాలేదనుకున్నాను.

గడియారం వాళ్ళు పెట్టె తీసుకుని వచ్చారు. పుట్టిన బిడ్డకి రేవులోనే గడియారం కడతారు. "ఎప్పుడు పుట్టిందమ్మా?" అని అడిగాడు ఒకడు.

వకుళ పిడికిళ్ళు బిగించి గోళ్ళు లోపలికి దాచుకుంది. "ఇప్పుడే. ఇరవై నిమిషాలైందేమో."

వాళ్ళు సున్నా దగ్గర పెట్టి చిన్న పట్టీ కట్టి వెళ్ళారు. నేను నోరు తెరవబోతే వకుళ నా చెయ్యి పట్టుకుంది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"లెక్కపెట్టకండి పిన్నీ. అచ్చిరాదు."

తిరుగు ప్రయాణం

నెల దాటాక, మేము బందరు వెళ్ళి మళ్ళీ చలిపట్నం వచ్చినప్పుడు, వకుళ పిల్లనెత్తుకుని ఎక్కింది. పుట్టింటికి. గోళ్ళకి రంగు లేదు. నాతో పెద్దగా మాట్లాడలేదు, పిల్లని నా చేతికిచ్చేటప్పుడు మాత్రం "మీ దగ్గర ఊరుకుంటుంది" అంది. ఎందుకు ఊరుకుంటుందో ఇద్దరం అనుకోలేదు.

పసిపిల్లలకి నిద్రమందు చుక్కల్లెక్కన ఇవ్వాలి. చుక్కలు సింకులో పోశాను. పసిపిల్లల పట్టీ ఎలాగూ తల్లి గడియారంతోనే ఆగుతుంది. ఖాసిం చూశాడు, చూడనట్టు ఎవరిదో గడ్డం గీస్తూ ఉండిపోయాడు. కెప్టెన్‌కి ఏడుపు వినపడకుండా ఉంటుందా? ఒక్కసారి కూడా మా వైపు రాలేదు. రాకపోవడమే ఆయన చెయ్యగల మంచి.

ఎందుకు పోశానంటే, ఏమో. కోపం. నెల పిల్లకి పదకొండు రోజులంటే బతుకులో మూడోవంతు. అంతా తుడిచేస్తారా? ఎవరూ లెక్కపెట్టకపోతే నేను పెడతాను, నా ఆయుష్షు తగ్గితే తగ్గనీ. రికార్డులో ముప్పై మూడేళ్ళదాన్ని, నాకేం తక్కువ?

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, గంజి డబ్బాలు కడుగుతూ ఏదో సణుక్కుంటున్నాను. బుట్టలోంచి నన్ను చూసి పిల్ల నవ్వింది. నిద్రలో నవ్వే నవ్వు కాదు. ముఖం చూసి, మనిషిని గుర్తుపట్టి, బోసినోరంతా తెరిచి నవ్వింది. చేతులు తుడుచుకోకుండానే వంగాను. మళ్ళీ నవ్వింది. పరుగెత్తి వకుళ పడక దగ్గరకి తీసుకెళ్ళాను, పిచ్చిదానిలా. "చూడమ్మా, చూడు, నవ్వుతోంది" అన్నాను. వకుళ గడియారం ఆగి ఉంది.

ఇవాళ బందరులో దిగాం. వకుళ లేచి పిల్లనెత్తుకోగానే అది తల్లి ముఖం చూసి నవ్వింది.

"పిన్నీ!" అని అరిచింది వకుళ. "నవ్వింది! చూశారా?" ఆ సంతోషంలోనే ఏదో గుర్తొచ్చి ఆగిపోయింది. నా వైపు చూసింది. నా ముఖంలో ఏం కనపడిందో, ఆమె గొంతు సన్నగిల్లింది. "ఇదే మొదటిసారి. కదా పిన్నీ?"

అద్దాల వెనక వకుళ వాళ్ళమ్మ నిలబడి చేతులు ఊపుతోంది. ముక్కు చూస్తే మనవరాలి ముక్కే.

"అవునమ్మా," అన్నాను. "ఇదే."

గడియారం వాళ్ళు వచ్చి పిల్ల పట్టీ సరిచూసుకుని, నలభై నిమిషాలు సరిగ్గా ఉందని తలూపి వెళ్ళారు.